గాయపడిన జింక, వాసన పట్టిన జాగిలం

డిసెంబరులో రాయ్‌పూర్ తెల్లవారుజాము ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మేముండే శంకర్ నగర్‌లో ఆ వేళకి గడ్డి మీద మంచు బిందువులు మెరుస్తూ ఉంటాయి. ఒక శీతకాలం సెలవుల్లో పక్కింటి పిల్లలతో కలిసి నేనొక చిన్న ప్రయోగం చేశాను. మీరూ చేయవచ్చు. ఖర్చేమీ లేదు.

పాత గుడ్డముక్కను మేకమాంసం కడిగిన నీళ్ళలో తడిపి, దానికి దారం కట్టి, ఉదయం ఆరున్నరకు మైదానంలో ఈడ్చుకుంటూ వెళ్ళాం. తిన్నగా కాదు, మధ్యలో రెండు మలుపులు తిప్పాం. చివర ఒక మాంసం ముక్క పెట్టాం. ఇరవై నిమిషాల తర్వాత పక్కింటివాళ్ళ దేశవాళీ కుక్కకు తాడు కట్టి మొదట్లో నిలబెట్టాం. అది తల దించి నడిచింది. మొదటి మలుపు దగ్గర నాలుగడుగులు ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చి, సరైన పక్కకు తిరిగింది. రెండో మలుపు దగ్గర ఆగనే లేదు. అదే పని ఎండ ముదిరాక పదకొండున్నరకు చేశాం. కుక్క నాలుగైదు గజాలు పోయి, తల ఎత్తి, మా మొహాలు చూసింది.

ఒక్కసారి జరిగింది రుజువు కాదని విద్యార్థులకు చెప్పే మనిషిని కాబట్టి మరో రెండు రోజులు చేయించాను. పొద్దున ఫలితం ప్రతిసారీ బాగుంది, మధ్యాహ్నం ప్రతిసారీ బాగాలేదు.

తెలుగులో ‘పసిగట్టడం’ అనే మాట మీరు రోజూ వాడతారు. ఎవరో దాచిన సంగతిని కనిపెట్టడం అని దాని అర్థంగా తీసుకుంటారు. ఈ మాటలో ‘పసి’ అంటే పసిబిడ్డ కాదు, వాసన. జంతువు వాసనను గాలిలో అందుకోవడమే పసిగట్టడం. అలాగే ‘జాగిలం’. పాత కావ్యాల్లో వేటకుక్కకు పేరు అది. ఈనాడు దొంగతనం జరిగిన చోటికి పోలీసులు తెచ్చే కుక్కను పత్రికలు జాగిలం అంటున్నాయి. పని మారినా పేరు మారలేదు. ఈ ప్రసంగం ఆ పని మారిన చరిత్ర గురించే.

ముందు ఒక సంఘటన చెప్పాలి. రాయ్‌పూర్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బార్నవాపారా అభయారణ్యం ఉంది. 1976లో ఏర్పడింది, విస్తీర్ణం 245 చదరపు కిలోమీటర్లు. కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబరు ఉదయం విద్యార్థులతో ఆ వైపు వెళ్ళినప్పుడు, అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో జనం గుమిగూడి కనిపించారు. ముందు కాలికి ఉచ్చు తీగ బిగుసుకున్న చుక్కల దుప్పి ఒకటి కుంటుతూ పొలం దాటి అడవిలోకి పోయిందట. అటవీ ఉద్యోగి ఒకరు, ఊరివాళ్ళు పదిమంది, వెనుక మేము. రాళ్ళ మీద రెండు మూడు రక్తపు చుక్కలు కనిపించాయి. ఆ తర్వాత మనిషెత్తు గడ్డి. రెండు వందల అడుగులు వేశామో లేదో ఇంకేమీ కనిపించలేదు.

బింఝ్వార్ తెగకు చెందిన వృద్ధుడొకాయన, “నా కుక్కకు తాడు కట్టి తెస్తాను. గంటలో చూపిస్తుంది” అన్నాడు. ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు. “వద్దు బబా. కుక్కను లోపలికి రానిస్తే రేపు నన్ను అడుగుతారు” అన్నాడు. ఇద్దరూ కోపంగా మాట్లాడుకోలేదు. ఇద్దరూ తప్పు మాట్లాడలేదు. మూడో రోజున కాకులు అరిచిన చోట దుప్పి దొరికింది. మేము ఆగిపోయిన చోటికి అర కిలోమీటరు కూడా లేదని తర్వాత తెలిసింది.

ఆ వృద్ధుడికి ఆ నమ్మకం ఎక్కడిది? ఆ ఉద్యోగికి ఆ భయం ఎక్కడిది? చరిత్రలో వెతకవలసిన ప్రశ్నలు ఇవే. దానికి ముందు కొంచెం విజ్ఞానశాస్త్రం కావాలి.

గాయపడిన జింక వెంటనే పడిపోదు. బాణమో గుండో ఊపిరితిత్తులకు తగిలితే కాస్త దూరంలోనే కూలుతుంది. కడుపులో తగిలితే గంటల తరబడి, కాలికి తగిలితే రోజుల తరబడి బతుకుతుంది. ఆనవాళ్ళు చదవగలిగిన వేటగాడికి రక్తం రంగే చాలా చెబుతుంది. నురగతో లేత ఎరుపైతే ఊపిరితిత్తి, ముదురు రంగైతే కాలేయం, ఆకుపచ్చటి పసరు కలిసి ఉంటే కడుపు. వెంటనే తరమకూడదన్నది ప్రపంచంలో అన్నిచోట్లా వేటగాళ్ళకు తెలిసిన సూత్రం. తరమకపోతే జింక దగ్గర్లోనే పొదలో పడుకుంటుంది. తరిమితే భయం దాన్ని మైళ్ళు నడిపిస్తుంది. అయితే ఆగేకొద్దీ గాయం మీద రక్తం గడ్డకట్టి చుక్కలు రాలడం మానేస్తాయి. అంటే ఆగాలి, ఆగితే జాడ పోతుంది. మనిషి కన్ను ఓడిపోయేది ఇక్కడే. కుక్క ముక్కు అవసరమయ్యేదీ ఇక్కడే.

కుక్క రక్తం ఒక్కదాన్నే వాసన చూడదు. చాలా జాతుల జింకలకు గిట్టల చీలికలో చిన్న గ్రంథులు ఉంటాయి. అడుగు పడ్డ ప్రతిచోటా వాటి స్రావం కొద్దిగా అంటుకుంటుంది. గిట్ట కింద నలిగిన ఆకు, చెదిరిన మట్టి కూడా తమ వాసనలు విడుదల చేస్తాయి. రక్తం ఆగిపోయినా ఈ మూడూ ఆగవు. మన ముక్కులో వాసన గ్రాహక కణాలు సుమారు 50 లక్షలు. కుక్కకు జాతిని బట్టి 20 కోట్లు, అంతకంటే ఎక్కువ. గ్రాహకాలను తయారుచేసే పనికొచ్చే జన్యువులు మనకు దాదాపు 400 ఉంటే కుక్కకు దాదాపు 800. ఈ జన్యు కుటుంబాన్ని 1991లో వెలుగులోకి తెచ్చిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

సంఖ్యల కంటే నిర్మాణం ఇంకా ఆసక్తికరం. కుక్క పీల్చిన గాలి లోపల రెండు దారులుగా చీలుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోతుంది. ఎనిమిదో వంతు దాకా మాత్రం ముక్కు వెనుక భాగంలో వాసన కోసమే ఉన్న గదిలోకి వెళ్తుంది. గాలి వదిలేటప్పుడు ముక్కుపుటాల పక్కనున్న చీలికల గుండా వెనక్కి వదులుతుంది కాబట్టి ముందున్న వాసన చెదిరిపోదు. వాసన చూసేటప్పుడు సెకనుకు అయిదుసార్లు పీలుస్తుంది. మీరు ఒకసారి ప్రయత్నించి చూడండి, తల తిరుగుతుంది.

మరో ప్రశ్న. జాడ దొరికింది సరే, జింక ఏ వైపు పోయిందో కుక్కకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నను మనిషి అడుగుజాడల మీద పరీక్షించారు. 1993లో నార్వే శాస్త్రవేత్తలు, 2005లో బెల్‌ఫాస్ట్‌లో హెప్పర్, వెల్స్ ప్రచురించిన ఫలితాలు చక్కటివి. శిక్షణ పొందిన కుక్కకు వరుసగా అయిదు అడుగుజాడలు వాసన చూసే అవకాశం ఇస్తే దిశ చెప్పగలిగింది. మూడే ఇస్తే చెప్పలేకపోయింది. ముందు పడ్డ అడుగుకూ తర్వాత పడ్డ అడుగుకూ మధ్య వాసనలో వచ్చే అతి చిన్న తేడాను అది పోల్చుకుంటోందన్నమాట. ఒక్కొక్క అడుగుకూ మధ్య ఉన్న వ్యవధి ఒక సెకను కూడా ఉండదని గుర్తుంచుకోండి.

ఇక శీతకాలం సంగతి. మా ప్రయోగంలో పొద్దున గెలిచి మధ్యాహ్నం ఓడిపోవడానికి కారణం కుక్క బద్ధకం కాదు. చల్లదనంలో వాసన అణువులు నెమ్మదిగా ఆవిరవుతాయి కాబట్టి జాడ ఎక్కువసేపు నిలుస్తుంది. శీతకాలపు ఉదయాల్లో నేల దగ్గరి గాలి పైగాలి కంటే చల్లగా, బరువుగా ఉండి కదలకుండా పడి ఉంటుంది. వాసన కూడా దానితోపాటే నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. తేమ వల్ల కుక్క ముక్కు పొరలు ఎండిపోవు. ఎండ ఎక్కాక గాలి పైకి లేచి వాసనను చెదరగొడుతుంది.

మధ్య భారతపు అడవుల్లో దీనికి తోడు గడ్డి. వానాకాలంలో పెరిగిన గడ్డి నవంబరు, డిసెంబరు నెలల్లో మనిషెత్తు నిలబడి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మంటలు వచ్చాకనే అది తగ్గుతుంది. గడ్డిలో పడుకున్న దుప్పి మీకు పది అడుగుల దూరంలో ఉన్నా కనిపించదు. కాబట్టి చలికాలంలో మన అడవుల్లో కంటికి బొత్తిగా పనికిరాని చోట ముక్కు అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. మంచుదేశాల్లో కథ వేరు. అక్కడ మంచు మీద అడుగులు కంటికే కనిపిస్తాయి. కుక్క విలువ మంచు లేని రోజున తెలుస్తుంది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ జిల్లా సింఘన్‌పూర్, కబ్రా పహాడ్ గుహల గోడల మీద జింకలూ వేటగాళ్ళూ ఉన్న ఎర్రటి బొమ్మలు ఉన్నాయి. వేట ఈ నేలకు ఎంత పాతదో అవి చెబుతాయి. కుక్కతో వేటాడే మనుషుల గురించి అక్షరాల్లో దొరికే వివరాల్లో నన్ను ఎక్కువగా ఆకర్షించినది కౌటిల్యుని అర్థశాస్త్రంలోది. అందులో పచ్చిక బయళ్ళను చూసే అధికారి ఒకడున్నాడు, అతని పేరు వివీతాధ్యక్షుడు. అతని విధుల సందర్భంలో కుక్కలున్న వేటగాళ్ళు అడవుల్లో తిరుగుతూ ఉండాలనీ, దొంగలో శత్రువులో వస్తే శంఖాలతో, భేరులతో హెచ్చరించాలనీ ఉంది. అంటే రెండు వేల ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్న ఆ రోజుల్లోనే, జింక వెనుక నడిచే కుక్కనూ దాని యజమానినీ రాజ్యం తన కాపలాకు వాడుకోవాలని అనుకుంది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, చివరలో మళ్ళీ పనికొస్తుంది.

వేట మానమని చెప్పిన రాజు కూడా మన నేల మీదే తన మాట చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. మొదటిదానిలో రాజుగారి వంటశాలకు రోజూ రెండు నెమళ్ళు, ఒక జింక చంపుతున్నారనీ, ఆ జింక కూడా రోజూ కాదనీ, ఇకమీదట అవీ చంపరనీ రాయించాడు. ఇంతటి చక్రవర్తి ఒక జింక లెక్క చెప్పడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఎనిమిదోదానిలో పూర్వపు రాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేసేవారని, తాను ధర్మయాత్రలు చేస్తున్నానని చెప్పాడు.

మహాభారతంలో ఏకలవ్యుడి కథ మీరు గురుదక్షిణ కోసం చదివి ఉంటారు. ఈసారి కుక్క కోసం చదవండి. పాండవులు వేటకు వెళ్తారు. వెనుక ఒక పరిచారకుడు సామగ్రితో, ఒక కుక్కతో వెళ్తాడు. అడవిలో ఏకలవ్యుడు ఉన్నాడని పాండవుల్లో ఎవరికీ తెలియదు. కుక్క ఒక్కటీ అతని దగ్గరికి చేరి మొరుగుతుంది. అతడు దాని నోట్లోకి ఏడు బాణాలు వేస్తాడు. కుక్క రాకపోతే ఆ బొటనవేలు మిగిలేదేమో!

పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో కుక్కల గురించి, జింకల వేట గురించి వేరువేరుగా ప్రకరణాలున్నాయి. వేట అప్పటికి రాజుల వినోదాల జాబితాలోకి చేరిపోయింది. తెలుగు ప్రబంధాల్లో పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి వేట ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకటి రాజు వేట, రెండోది బోయపిల్లవాడి వేట అని తేడా కనిపిస్తుంది. ఈ తేడా చరిత్రకారులకు చాలా ముఖ్యం. ఒకరు సరదాకు కొడతారు, ఒకరు తిండికి కొడతారు. తిండికి కొట్టినవాడు గాయపడ్డ జంతువును వదిలి ఇంటికి పోలేడు.

అలాంటివాళ్ళు నల్లమలలో చెంచులు. 1940లో నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1943లో వాళ్ళ మీద పుస్తకం ప్రచురించాడు. చెంచులు ముఖ్యంగా దుంపలూ, పళ్ళూ, తేనే ఏరుకుని బతికేవాళ్ళు. విల్లంబులతో వేటాడేవాళ్ళు. గుడిసె ముందు కుక్క ఉండేది, వేటకు వెంట వెళ్ళేది. ఛత్తీస్‌గఢ్ కొండల్లో బైగాలు, కమార్లు కూడా విల్లంబుల వేటగాళ్ళే.

విల్లుతో వేటాడేవాడికి జాడ తీయడం వేటలో సగం. బాణం గుండు కాదు. తగిలిన చోట జింక పడదు. బాణం వేసింది ఒక నిమిషమైతే వెతికేది కొన్ని గంటలు. ఆ కుక్కకు ఎవరూ బడి పెట్టి నేర్పలేదు. తల్లితో పాటు, మనిషితో పాటు తిరిగి నేర్చుకుంది. ఈ చదువుకు పుస్తకం లేదు కాబట్టి పోయినప్పుడు కూడా చప్పుడు కాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో అడవికి కొత్త యజమాని వచ్చాడు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో బ్రిటిష్ అధికారులు శీతకాలం అంతా డేరాలతో జిల్లా తిరిగేవారు. పగలు కచేరీ, ఉదయం సాయంత్రం తుపాకీ. శీతకాలం వేట కాలమయింది ఇలాగే. కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్ ఈ అడవుల గురించి రాసిన పుస్తకం 1871లో వచ్చింది. అంతకుముందే 1854లో శామ్యూల్ బేకర్ సింహళంలో కణుజులను కుక్కల మందతో తరిమిన కథలను పుస్తకంగా వేశాడు. బేకర్ పద్ధతికీ మనం మాట్లాడుకుంటున్న పద్ధతికీ పోలిక లేదు. కుక్కల మంద ఆరోగ్యంగా ఉన్న జంతువును అలసిపోయేదాకా తరుముతుంది. జాడ తీసే కుక్క ఒక్కటే, తాడు చివర, నిశ్శబ్దంగా, గాయపడ్డ జంతువు దగ్గరికి మాత్రమే తీసుకుపోతుంది. రెండూ కుక్క వేటలే అని ఒకే గాటన కట్టడం తప్పు. కానీ ఆ తప్పు చట్టాలు కూడా చేశాయి, వస్తున్నాను.

వేట సరదా ఎక్కడిదాకా పోయిందో చెప్పడానికి ఛత్తీస్‌గఢ్‌లోనే ఉదాహరణ ఉంది. 1947లో కొరియా సంస్థానపు రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రివేళ మోటారు బండిలోంచి మూడు చీతాలను కాల్చాడు. ఈ దేశంలో కచ్చితంగా నమోదైన చివరి చీతాలు అవే. 1952లో చీతా అంతరించినట్టు ప్రకటించారు. బండి దీపాల వెలుగులో కాల్చేవాడికి జాడ తెలియవలసిన అవసరం లేదు.

ఆ కాలంలోనే దీనికి భిన్నంగా ఒక మనిషీ ఒక కుక్కా కనిపిస్తాయి. జిమ్ కార్బెట్ 1944లో ప్రచురించిన కుమావూన్ నరభక్షకుల పుస్తకంలో ‘రాబిన్’ అనే అధ్యాయం ఉంది. రాబిన్ ఆయన పెంపుడు కుక్క. గాయపడ్డ చిరుతపులి జాడను అది ముందు నడిచి చూపించిన తీరు అందులో ఉంది. గాయపరిచిన జంతువును అలా వదిలేయకూడదన్నది కార్బెట్ నియమం. వదిలేస్తే అది బాధపడుతుంది, పైగా రేపు ఆ దారిన పోయే కట్టెలమ్మికి ప్రమాదం.

ఐరోపాలో ఈ నియమం వ్యక్తులను దాటి వ్యవస్థగా మారింది. అది ఎలా జరిగిందో చూడండి. మధ్యయుగంలో అక్కడి ప్రభువులు దుప్పి ఎక్కడ పడుకుందో ముందుగా కనిపెట్టడానికి తాడు కట్టిన, మొరగని కుక్కను వాడేవారు. ఫ్రాన్స్‌లో గాస్టన్ ఫేబుస్ 1387లో మొదలుపెట్టిన వేట గ్రంథంలో దాని వర్ణన ఉంది. 1848 విప్లవం తర్వాత జర్మన్ రాజ్యాల్లో ప్రభువుల వేట హక్కులు పోయాయి. పెద్ద కుక్కల మందలను పోషించేవాళ్ళు తగ్గారు, తుపాకీ పట్టేవాళ్ళు పెరిగారు. తుపాకులు ఎక్కువైనకొద్దీ గురి తప్పి గాయపడే జంతువులూ ఎక్కువయ్యాయి. పాత తాడు కుక్కకు కొత్త పని దొరికింది. హానోవర్ జాగిలాన్ని ఈ పని కోసమే కాపాడి పెంచడానికి 1894లో జర్మనీలో ఒక సంఘం ఏర్పడింది.

శిక్షణ ఇలా ఉంటుంది. కూన వయసులో కొద్ది గజాల జాడ. చివర ఒక జింక చర్మం, తిండి. తర్వాత పొడవు పెంచుతారు, మలుపులు పెడతారు, జాడ వేసిన గంట తర్వాత, మరుసటి ఉదయం, అలా పాతబరుస్తారు. సుమారు పది మీటర్ల పొడవైన తోలు తాడు. అన్నిటికంటే కష్టమైన పాఠం ఏమిటో ఊహించండి. దారిలో ఆరోగ్యంగా ఉన్న జింక ఎదురుగా గెంతి పరుగెత్తినా తల ఎత్తకుండా తన జాడలోనే ఉండడం. తోడేలు సంతతికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉంటుందా? మనిషికీ పాఠం ఉంది. తోక కదలిక, మెడ బిగువు, అడుగు వేగం చూసి కుక్క ఏమంటోందో చదవాలి. చాలాసార్లు కుక్క సరిగ్గా పోతుంటే మనిషే అనుమానపడి తాడు లాగుతాడు.

స్వీడన్‌లో ఇది చట్టం. జింకజాతి జంతువులను వేటాడేటప్పుడు, కాల్చిన చోటికి రెండు గంటల్లోగా శిక్షణ పొందిన కుక్క చేరగలిగే ఏర్పాటు ఉండాలి. రోడ్డు ప్రమాదాలకూ ఇదే కుక్కలు. ఆ దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 60 వేలకు పైగా వాహనాలు అడవి జంతువులను ఢీకొన్నాయి. డ్రైవరు పోలీసులకు చెప్పాలి, పోలీసులు జాడ తీసేవాళ్ళను పిలుస్తారు. శీతకాలపు అర్ధరాత్రి అయినా తాడు పట్టుకుని బయల్దేరతారు. అమెరికాలో మాత్రం చిక్కు వచ్చింది. చాలా రాష్ట్రాలు కుక్కలతో జింకలను తరమడం నిషేధించాయి. ఆ నిషేధం జాడ తీసే కుక్కను కూడా కట్టిపడేసింది. న్యూయార్క్‌లో కొందరు గరుకు వెంట్రుకల డాక్స్‌హుండ్ కుక్కలతో 1970లలో పరిశోధన అనుమతి మీద పనిచేసి చూపించాక, 1986లో అక్కడ చట్టం మారింది. బేకర్ మందనూ తాడు కుక్కనూ ఒకే గాటన కట్టారని అన్నది ఇందుకే.

మన దేశానికి వద్దాం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు మీద సరదా వేటకూ తెరపడింది. ఈ చట్టం రాకపోతే ఈ రోజు బార్నవాపారాలో మీకు చూపించడానికి దుప్పి ఉండేది కాదని నేను నమ్ముతాను. అయితే చట్టం రాజునూ చెంచునూ వేరుచేసి చూడలేదు. తుపాకులతో అడవి ఖాళీ చేసినవాళ్ళు తుపాకీ గోడకు తగిలించి సభ్యసమాజంలో మిగిలారు. విల్లూ కుక్కా ఉన్నవాడు అనుమానితుడయ్యాడు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. తర్వాతి కాలంలో చెంచులనే అక్కడ కాపలాదారులుగా నియమించుకున్నారు. జాడలు చదవడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరని అటవీశాఖ ఒప్పుకున్నట్టే కదా. కౌటిల్యుడి వాక్యం సగం నిజమైంది. మనిషిని తీసుకున్నారు, కుక్కను బయట ఉంచారు.

కుక్కను బయట ఉంచడానికి గట్టి కారణమే ఉంది. ఊరకుక్కలు దుప్పులను తరిమి చంపుతాయి. కరవకపోయినా ప్రమాదమే. విపరీతంగా భయపడి పరుగెత్తిన జింక కండరాలు దెబ్బతిని, గంటల్లోనో రోజుల్లోనో చనిపోవచ్చు. ఇంకా పెద్ద ప్రమాదం కుక్కల డిస్టెంపర్ వైరస్. 2018లో గిర్ అడవిలో సింహాల మరణాలకు అది ఒక కారణం. కాబట్టి ఆ ఉద్యోగి భయం వట్టి ఉద్యోగ భయం కాదు.

కానీ వేట ఆగినంత మాత్రాన గాయపడ్డ జింకలు ఆగలేదు. ఉచ్చులున్నాయి, దొంగవేటగాళ్ళు కరెంటు తీగల నుంచి లాగిన తీగలున్నాయి, రోడ్లున్నాయి. కోలుకోలేనంతగా గాయపడిన జంతువుకు అధికారి అనుమతితో ముక్తి కలిగించే వీలు చట్టంలోని 11వ సెక్షన్‌లో ఉంది. ఆ అనుమతి కాగితానికైనా, మందు ఇచ్చే పశువైద్యుడికైనా ముందు జంతువు దొరకాలి.

2008లో ట్రాఫిక్ సంస్థ, డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్.–ఇండియా కలిసి అటవీశాఖల కోసం జాగిలాలకు శిక్షణ ఇప్పించే కార్యక్రమం మొదలుపెట్టాయి. పులి, చిరుత చర్మాలూ ఎముకలూ, ఏనుగు దంతం వంటి వాసనలు వాటికి నేర్పారు. తర్వాతి ఏళ్ళలో చాలా రాష్ట్రాలకు ఈ జాగిలాలు వెళ్ళాయి, ఛత్తీస్‌గఢ్‌కూ వచ్చాయి. కర్ణాటక బందీపూర్‌లో రాణా అనే జర్మన్ షెపర్డ్ ఇలాంటి పనిలోనే పేరు తెచ్చుకుంది. జింక దగ్గర మొదలై వేటగాడి ఇంటి గుమ్మం దాకా వెనక్కి నడిచే కుక్క ఇది. ఇవి టీకాలు వేయించుకున్న కుక్కలు, తాడు విడవని కుక్కలు, తమ మనిషి మాట తప్ప వినని కుక్కలు. ఆ ఉద్యోగి అభ్యంతరాలు మూడింటికీ సమాధానం వీటిలో ఉంది. బింఝ్వార్ వృద్ధుడు అడిగిన పని మాత్రం, ఉచ్చు తీగతో గడ్డిలో పడుకున్న దుప్పిని వెతికే పని, వీటి ప్రధాన విధుల్లో లేదు.

మీరు అడవి అంచున గాయపడ్డ జింకను చూస్తే వెంటపడకండి. కేకలు వేయకండి, మీ వెంట కుక్క ఉంటే పట్టుకోండి. జింకను ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ వైపు పోతుండగా చూశారో రాసుకుని, ఆ చోట ఒక కొమ్మ పాతి, దగ్గర్లోని అటవీ కార్యాలయానికి కబురు చేయండి. చివరిసారి కనిపించిన చోటు జాడ తీసేవాడికి అన్నిటికంటే విలువైనది. పదిమంది తొక్కిన నేల మీద ఏ జాగిలమూ పనిచేయలేదు. ఆ రోజు మేము పదిమందిమి చేసింది అదే.

తర్వాత ఒకసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు వృద్ధుడి ఇంటికి వెళ్ళాను. కుక్క గుమ్మంలో ఎండకు పడుకుని ఉంది. ఎలా నేర్పావని అడిగాను. తన తండ్రి కుక్క దీని ముత్తవ్వకు నేర్పిందని చెప్పి నవ్వాడు. దీని పిల్లలకు ఎవరు నేర్పుతారని అడగబోయి ఆగాను. అప్పటికే ఆయన గుడిసె వెనుక నుంచి రెండు కూనలను తెచ్చి, ఒకదాన్ని మా విద్యార్థిని చేతిలో పెట్టి, దాని ముక్కు ఎంత తడిగా ఉందో చూడమంటున్నాడు.